సాగర్ 588కి వచ్చింది: లాంచీ, గేట్లు, పక్షులు ఒకే ట్రిప్పులో కుదురుతాయా?

మల్లెపందిరి
అందరికీ నమస్కారం. నాగార్జునసాగర్ మట్టం 588 అడుగులు దాటిందని వార్తల్లో చూశాం. హైదరాబాద్ నుంచి అమ్మానాన్న, ఇద్దరు పిల్లలతో కారులో వెళ్దామని ఆలోచన. గేట్లు ఎత్తితే చూడాలని నాన్న, నాగార్జునకొండ మ్యూజియం చూడాలని అమ్మ, మొసళ్లు కావాలని పిల్లలు. నాకేమో పక్షుల ఫొటోలు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ మెట్లు ఎక్కలేదు. ఎప్పుడు వెళ్తే ఇవన్నీ కుదురుతాయి?

ఊరికేతిరుగుడు
అన్నీ ఒకేసారి కుదరవండీ. గేట్లు కావాలంటే ఇప్పుడే బయల్దేరండి. ఎగువన శ్రీశైలం నుంచి వరద ఆగిందంటే ఇక్కడ గేట్లు మూసేస్తారు, అది ఒక్క రోజులో అయిపోవచ్చు. డ్యామ్ మీదకి మామూలు జనాన్ని వదలరు. దిగువన కొత్త వంతెన దగ్గర్నుంచి చూడాలి, అక్కడి నుంచే బాగుంటుంది కూడా. శని, ఆదివారాలు వద్దు. కారు దిగే లోపు సాయంత్రం అవుతుంది.

మ్యూజియం ఉన్నది ద్వీపం మీద, రేవు నుంచి లాంచీలో వెళ్లాలి. దానికి శుక్రవారం సెలవు. ఇది తెలియక రేవు దాకా వెళ్లి వెనక్కి వచ్చేవాళ్లని ప్రతిసారీ చూస్తుంటాను.

శ్రీశైలం లాంచీ మాత్రం మరో ప్రపంచం. సాగర్ నుంచి శ్రీశైలం దగ్గరి లింగాలగట్టు రేవు దాకా, రెండు పక్కలా నల్లమల. మట్టం 575 దాకా వస్తేగానీ నడపరు. ఈ ఏడు నడుస్తుందన్నమాట!

పాతలస్కర్
రిటైరైన ఇరిగేషన్ ఉద్యోగిని. అడుగుల లెక్క ఒకసారి చెప్తాను, వార్తల్లో మట్టం చదవగానే మీకే అర్థమైపోతుంది.

పూర్తి మట్టం 590. స్పిల్‌వే, అంటే వరద నీళ్లు పొర్లిపోయే గోడ, దాని అంచు 546 దగ్గర ఉంటుంది. దాని మీద 44 అడుగుల ఎత్తు గేట్లు 26. అంటే 546 కింద నీళ్లుంటే ఆ గేట్లు ఉన్నా లేనట్టే, గేటు అడుగున రాయే కనబడుతుంది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలేనాటికి ఈ గేట్లు లేవు, తర్వాత బిగించారు. ఇక కింద 510. కాలువలకు సరిగ్గా నీళ్లివ్వాలంటే మట్టం అంతకు తగ్గకూడదు.

కాబట్టి మొత్తం కథ 510కీ 590కీ మధ్య 80 అడుగుల్లో నడుస్తుంది. 575 లాంచీ వాళ్లది, 510 రైతుది. పక్షుల వాళ్ల అంకె ఏదో వాళ్లే చెప్పాలి.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. టీవీలో "లక్ష క్యూసెక్కుల వరద" అంటే రోజుకి ఎనిమిదిన్నర టీఎంసీల పైమాట. ఇప్పుడు సాగర్ నిండా 312 టీఎంసీలు. ఖాళీ ఎంతుందో చూసి భాగించుకుంటే, ఎన్ని రోజుల్లో గేట్లు ఎత్తుతారో ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు.

రెండ్రోజులకోనల్లా
పాతలస్కర్ సార్, మీ లెక్క మంచిగుంది. 510 రైతుది అన్నరు గదా, మా హైదరాబాదోళ్లకు దాంతోటి ఏం పని? మా నల్లాల వచ్చే కృష్ణ నీళ్లు ఇదే సాగర్ నుంచి వస్తయంటరు, ఎట్ల వస్తయో ఎవ్వరు చెప్పరు.

పాతలస్కర్
మీదీ 510యే, ఇంకా చెప్పాలంటే రైతు కంటే మీదే ఎక్కువ. పుట్టంగండి దగ్గర సాగర్ వెనక జలాల నుంచి పంపులతో ఎత్తి అక్కంపల్లి జలాశయంలో పోస్తారు. అక్కడి నుంచి కోదండాపూర్‌లో శుద్ధి చేసి, వంద కిలోమీటర్ల పైన పైపుల్లో ఎత్తుకుంటూ నగరానికి తెస్తారు. మొదటి దశ 2004లో వచ్చింది, ఇప్పుడు మూడు దశలు. రోజుకి 270 మిలియన్ గ్యాలన్లు. మట్టం 510 కింద పడితే పుట్టంగండి పంపులకి నీళ్లు అందవు. అప్పుడు అత్యవసర పంపింగ్ పేరుతో తాత్కాలికంగా మోటార్లు దించి తోడాలి. 2024 వేసవిలో ఆ అవసరం వచ్చింది. ఆ బెడద తప్పించడానికే సుంకిశాల దగ్గర ఇంకా లోతు నుంచి తోడేలా బావి తవ్వుతున్నారు. 2024 ఆగస్టులో అక్కడ గోడ కూలిన సంగతి పేపర్లలో చూసే ఉంటారు.

చివరాయకట్టు
అయ్యా పెద్దలూ, లాంచీలూ ఫొటోలూ అయినాక మా సంగతి కూడా కాస్త ఇనండి. మాది కుడి కాలువ చివర, ప్రకాశం వైపు. 588 అన్నా 590 అన్నా మా పొలానికి నీళ్లొచ్చేది కాలువ నిండా వదిలితేనే. ఎగువోళ్లు మాగాణి పెట్టుకుంటారు, మా దాకా వచ్చేతలికి కాలువ అడుగు కనపడతది. వారబందీ అంటారు, అంటే వంతులేసి నీళ్లివ్వడం, మా వారం వస్తది, నీళ్లు రావు. మొన్న ఒకాయన టీవీలో "సాగర్ నిండుకుండ" అని మురిసిపోతా ఉంటే మా ఆవిడ రిమోట్ తీసి కట్టేసింది.

అట్లని టూరిజం వద్దనను. ఒంగోలుకి తాగేందుకు చెరువులు నింపేది కూడా ఈ కాలవే, అది మాకూ ఎరికే. కాకపోతే వేసవిలో "లాంచీ తిరగాలి, మట్టం తగ్గించొద్దు" అన్న మాట ఎవరన్నా అంటే మాత్రం ఊరుకోం.

ఊరికేతిరుగుడు
అన్నా, అలా ఎవరూ అనలేదు. లాంచీ కోసం నీళ్లు ఆపరు, నీళ్లుంటేనే లాంచీ.

నీటికాకి
పక్షుల అంకె అడిగారు కదా పాతలస్కర్ గారూ. వినడానికి వింతగా ఉంటుంది కానీ, నిండు సాగర్ పక్షులకి పెద్దగా పనికిరాదు.

590 దగ్గర నీళ్లు తిన్నగా రాతి గట్టుని తాకుతాయి. కాళ్లు ఆనేంత లోతు లేని చోటే ఉండదు. ఈదే పక్షులు, మునిగే పక్షులు, అంటే నీటికాకుల్లాంటివి, ఉంటాయి. కొంగలకీ ఉల్లంకులకీ బురద కావాలి. డిసెంబరు నుంచి మట్టం జారడం మొదలయ్యాక వెనక జలాల్లో వాగులు కలిసే మూలల్లో బురద మైదానాలు బయటపడతాయి. అక్కడ చిక్కుకున్న చిన్న చేపలు, పురుగులు, గడ్డి, అన్నీ దొరుకుతాయి. జనవరి, ఫిబ్రవరిల్లో ఆ మూలల్లో కూర్చుంటే కెమెరా కార్డు నిండిపోతుంది.

ఫిబ్రవరి నుంచి మే దాకా మరో పని జరుగుతుంది. నది రేవపిట్టలు, రివర్ టెర్న్ అంటారు, నీళ్లు తగ్గి తేలిన దిబ్బల మీద ఉత్త ఇసుకలోనే గుడ్లు పెడతాయి. గూడూ లేదు, గడ్డీ లేదు. మొసళ్లు కూడా దాదాపు అప్పుడే గట్టు ఇసుకలో గుంట తీసి గుడ్లు పెడతాయి, రెండు నెలలకి పిల్లలు వస్తాయి. మనం టీవీలో "అడుగంటిన సాగర్" అని చూసే రోజులు వీటికి పురిటి రోజులు. వీటికి చేటు చేసేది కరువు కాదు, మట్టం ఉన్నట్టుండి పెరగడం. గుడ్ల మీద అడుగు నీళ్లొచ్చినా అంతే.

మల్లెపందిరి గారూ, మీ పిల్లలకి మొసళ్లు ఖాయంగా కనబడాలంటే సాగర్‌లో వెతక్కండి. ఎత్తిపోతల దగ్గర మొసళ్ల పెంపకం కేంద్రం ఉంది, చంద్రవంక వాగు జలపాతం పక్కనే. వానాకాలం జలపాతం కూడా బాగుంటుంది. డ్రోన్ మాత్రం తీసుకెళ్లకండి. ఎగువన ఆ గట్టూ ఈ గట్టూ పులుల అడవే. కృష్ణకి అటు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, ఇటు 2014 విభజన తర్వాత విడిగా ఏర్పడ్డ అమ్రాబాద్. గట్టున గుడారం వేసుకుని పడుకుంటాం అనే కుర్రాళ్లు ఉంటారు, అటవీశాఖ అనుమతి లేకుండా అది నేరం.

పుట్టిమనిషి
నీటికాకి గారు రాసింది నిజమే. ఉన్నట్టుండి పెరగడం అన్నారే, అది మాకు రోజూ ఉండే గొడవ. మాది వలేసుకు బతికే ఇల్లు. శ్రీశైలంలో కరెంటు తయారు చేసేటప్పుడు పైన నది ఒకలా ఉంటది, ఆపితే ఒకలా ఉంటది. ఎడమ గట్టు పవర్‌హౌస్‌లో మిషన్లు తిరగేసి కింద నీళ్లని పైకి తోడతారు కూడా. పొద్దున కట్టిన పుట్టి సాయంత్రానికి రాళ్ల మీద ఉండొచ్చు, లేకపోతే కొట్టుకుపోయి ఉండొచ్చు. డ్యామ్ దగ్గర వెడల్పు ఎక్కువ కాబట్టి ఇదేం తెలీదు. పైన లోయ ఇరుకులో తెలుస్తది.

నీటికుక్కలు అందంగా ఉంటాయని ఫొటోలు పెడతారు. వల చింపి చేప తలకాయ ఒక్కటే మిగిల్చి పోతాయి. అయినా చంపం. ఎందుకంటే అవి గుంపుగా తిరిగే చోట చేప ఉన్నట్టే లెక్క, మాకు దారి చూపేది అయ్యే.

అక్కా, మీ అమ్మగారికి మోకాళ్లన్నారు గదా. మట్టం నిండుగా ఉన్నప్పుడే తీసుకురండి. నీళ్లు తగ్గేకొద్దీ రేవులో లాంచీ కిందకి పోతది, ఎక్కే మెట్లు పెరుగుతాయి. కొండ మీద కూడా రేవు నుంచి మ్యూజియానికి కాస్త నడక ఉంది, మెల్లగా పోవచ్చు.

మల్లెపందిరి
పుట్టిమనిషి అన్నా, ఈ మెట్ల సంగతి ఏ వెబ్‌సైట్‌లోనూ లేదు. చాలా థ్యాంక్స్. లైఫ్ జాకెట్లు పిల్లల సైజులో ఇస్తారా?

పుట్టిమనిషి
అడిగి తీసుకోవాలి. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినాక జాకెట్ లేందే కదలనివ్వరు, కానీ పెద్దోళ్లది పిల్లోడికి తగిలిస్తే లాభం లేదు, నీళ్లలో పడితే పైకి జారి ఊడిపోతది. కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉందో లేదో చూడండి. సర్కారు లాంచీలే ఎక్కండి. ఒడ్డున "స్పెషల్ రైడ్" అని పిలిచే వాళ్ల దగ్గరికి పోవద్దు.

రెండ్రోజులకోనల్లా
ఒక డౌటు. మేం తాగే నీళ్లల్ల లాంచీలు తిరుగుడు, డీజిల్ గారుడు, మందు సీసాలు ఇసురుడు. ఇవన్ని బంద్ పెట్టాలె గదా? కొన్ని దేశాలల్ల తాగునీళ్ల చెరువు దగ్గరికి మనిషినే రానియ్యరట.

ఆలంవాసన
నేను నీటి శుద్ధి కేంద్రంలో పని చేస్తాను, సాగర్‌లో కాదు, వేరే చోట. ముడి నీళ్లు ఎలా చూస్తామో చెప్తాను.

లాంచీ డీజిల్ కంటికి కనబడుతుంది కాబట్టి కోపం వస్తుంది. 285 చదరపు కిలోమీటర్ల నీళ్లలో పది లాంచీలు పెద్ద లెక్క కాదు. ఇన్‌టేక్ (నీళ్లు తోడుకునే చోటు) పక్కనే రేవు పెడితే అది వేరే సంగతి, అలా పెట్టకూడదు. మమ్మల్ని నిజంగా ఏడిపించేవి మూడు. ఒడ్డున కట్టిన హోటళ్ల మురుగు. ఎగువ పొలాల ఎరువులు, వాటితో పెరిగే నాచు. వేసవి లోతు నీళ్లు.

మూడోది విడమరచి చెప్పాలి. లోతైన జలాశయం ఎండాకాలంలో పొరలుగా విడిపోతుంది. పైన వెచ్చని నీళ్లు, అడుగున చల్లనివి, రెండూ కలవవు. అడుగున ప్రాణవాయువు అయిపోయి ఇనుమూ మాంగనీసూ బురద నుంచి కరిగి నీళ్లలోకి వస్తాయి. అందుకే ఇన్‌టేక్ బావులకి వేర్వేరు ఎత్తుల్లో కిటికీలు పెడతారు, ఏ పొర బాగుంటే ఆ పొర తీసుకోవడానికి. మట్టం పడిపోతే ఎంచుకోవడానికి పొరలే మిగలవు, అడుగున ఉన్నదే తాగాలి. పటిక మోతాదు పెంచుతాం, క్లోరిన్ పెంచుతాం. వేసవిలో నల్లా నీళ్లు వాసన వస్తున్నాయని ఫోన్లు చేస్తారు చూడండి, చాలాసార్లు కారణం ఇదే.

కాబట్టి అన్నా, లాంచీలు బంద్ పెట్టమనే బదులు ఒడ్డున కొత్తగా కట్టే ప్రతి గదికీ మురుగు ఎటు పోతుందో అడగండి.

రెండ్రోజులకోనల్లా
ఓహో, వాసన సంగతి ఇదా. మా గల్లీల పైపు పగిలిందని కొట్లాడినం.

ఆలంవాసన
పైపు కూడా పగిలి ఉండొచ్చు 🙂

కుర్రఇంజినీరు
పాతలస్కర్ సార్, పుస్తకాల్లో సాగర్ సామర్థ్యం 408 టీఎంసీలు అని ఉంటుంది. మీరు 312 అన్నారు. తేడా పూడికేనా? మరి పూడిక తీయించొచ్చు కదా, అందరి గొడవా తీరిపోతుంది.

పాతలస్కర్
పూడికే. లెక్క వెయ్యి నాయనా, నువ్వే నవ్వుకుంటావు. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. 96 టీఎంసీలు అంటే 270 కోట్ల పైన. లారీకి పది ఘనపు మీటర్లు వేసుకో, 27 కోట్ల లారీలు. ఆ మట్టి పోయడానికి ఇంకో లోయ కావాలి, ఆ లోయ కోసం మళ్లీ ఊళ్లు ఖాళీ చేయించాలి. చిన్న చెరువుకి పూడిక తీస్తే పొలానికి మట్టి, చెరువుకి నీళ్లు, రెండు లాభాలు. సాగర్ లాంటి వాటికి అది కుదరదు. పైన అడవి నిలబెడితే వచ్చే మట్టి తగ్గుతుంది. నీటికాకి గారి పులులు రైతుకి చేసే మేలు అదే, కానీ ఏ రైతుకీ ఎవరూ చెప్పరు.

ఒక రకంగా శ్రీశైలం కట్టడం సాగర్‌కి మేలు చేసింది. ఎగువ మట్టిలో చాలా భాగం ఇప్పుడు అక్కడే ఆగిపోతోంది. దాని ఆయుష్షు తగ్గి దీని ఆయుష్షు పెరిగింది.

చివరాయకట్టు
నిండా నింపి పెట్టుకుంటే మంచిదే గదా, మరి గేట్లెత్తి సముద్రంలో పోస్తా ఉంటారు. మా కడుపు మండేది అక్కడ.

పాతలస్కర్
మీ మంట అర్థమవుతుంది. కానీ 2009 అక్టోబరు గుర్తు చేసుకోండి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చింది. 885 పూర్తి మట్టమైతే 896 దాకా లేచింది. కర్నూలు మునిగింది. అంత వరదా సాగర్ మీదుగా దిగితే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షలకి తగ్గింది. మధ్యలో దెబ్బ తగ్గించింది జలాశయాల్లో ఉన్న ఖాళీ. ఆ రోజు సాగర్ 590 దగ్గర బిగబట్టి ఉంటే కింద వాళ్ల గతి ఏమయ్యేదో ఊహించుకోండి. సెప్టెంబరు చివరి దాకా కాస్త ఖాళీ ఉంచుకోవాలి, అక్టోబరు తర్వాత ఒక్క చుక్క వదలకూడదు. చెప్పడం తేలికే. తుపాను ఏ తేదీన వస్తుందో గేటు దగ్గర నిలబడ్డ వాడికి తెలియదు.

ఒకటేనది
అసలు మా వాటా నీళ్లు మీరు ఎత్తుకుపోతుంటే ఈ అడుగుల లెక్కలు ఎందుకు? 2023 నవంబరు చివర్లో డ్యామ్ మీద ముళ్లకంచెలు ఎవరు వేశారో అందరూ చూశారు...

నిర్వాహకుడు
ఆ గొడవకి వేరే చర్చా దారం ఉంది, అక్కడికి వెళ్లండి. వాటాల మీద తర్వాతి వ్యాఖ్యలు తీసేశాను. ఇది మల్లెపందిరి గారి ప్రయాణం దారం. అడుగుల లెక్కలు కొనసాగించొచ్చు, నాకూ నచ్చాయి.

మునకూరు
చాలా రోజులుగా ఇక్కడ చదవడమే గానీ రాయలేదు. మా నాయనమ్మ వాళ్ల ఊరు ఈ నీళ్ల కింద ఉంది. అందుకని ఒక్క మాట.

నాగార్జునకొండ వెళ్లేవాళ్లు మ్యూజియం ఒక్కటే చూసి వచ్చేస్తారు. ఆ ద్వీపం అసలు ద్వీపం కాదు, కొండ. కింద లోయ, లోయ నిండా ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. డ్యామ్ కడతారని తేలాక 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ ఆ లోయంతా తవ్వింది. దొరికిన కట్టడాల్లో కొన్నిటిని రాళ్లతో సహా పైకి తెచ్చి మళ్లీ కట్టారు, కొన్ని కొండ మీద, కొన్ని ఒడ్డున అనుపు అనే చోట. పిల్లల్ని అనుపు తీసుకెళ్లండి. అక్కడ మెట్ల రంగస్థలం ఉంది, కారులో నేరుగా వెళ్లిపోవచ్చు, లాంచీ అక్కర్లేదు. మ్యూజియంలో పల్నాటి సున్నపురాయి శిల్పాలు చూసి ఇక్కడికి వస్తే అవి ఎక్కడ నిలబడి ఉండేవో ఊహకి అందుతుంది.

బుద్ధుడి రాళ్లని పైకి తెచ్చారు, మా ఊరి గుడి రాళ్లు తేలేదని నాయనమ్మ అనేది. కోపంగా కాదు, మామూలుగా, ఏదో సామాను మర్చిపోయి వచ్చినట్టు. కుడి కాలువ పారిన తొలి ఏడు చూడ్డానికి మాత్రం తనే పట్టుబట్టి వెళ్లింది.

చివరాయకట్టు
మునకూరు అమ్మా, మీ నాయనమ్మగారి ఊరి మీంచి వచ్చే నీళ్లే మేం తాగేది. ఈసారి మా వైపు వస్తే భోజనానికి రండి, నిజంగా చెప్తన్నా.

మల్లెపందిరి
ఇంత చర్చ జరుగుతుందని అనుకోలేదు. నాన్న మొత్తం చదివించుకుని విన్నారు, పాతలస్కర్ గారి భాగాహారం కాగితం మీద వేస్తున్నారు. రెండు ట్రిప్పులుగా విడగొట్టాం. ఈ బుధవారం అమ్మానాన్నలతో గేట్లు, లాంచీ, అనుపు, వీలైతే ఎత్తిపోతల. పక్షుల కోసం నేనూ పిల్లలూ జనవరిలో. నీటికాకి గారూ, జనవరిలో ఎక్కడ కూర్చోవాలో చెప్పగలరా?

నీటికాకి
బహిరంగంగా చోటు చెప్పను, ఏమనుకోకండి. ఒకసారి చెబితే తర్వాతి వారం ఇరవై కార్లు వస్తాయి. మీకు విడిగా సందేశం పంపుతాను. మట్టం 560 దరిదాపుల్లోకి వచ్చాక కబురు చేయండి. ముదురు రంగు బట్టలు, బైనాక్యులర్లు, పిల్లలకి తినడానికి ఏదైనా. చిప్స్ ప్యాకెట్లు మాత్రం చప్పుడు చేస్తాయి, డబ్బాలో పోసుకు రండి.

ఊరికేతిరుగుడు
బుధవారం అయితే పొద్దున మొదటి లాంచీకే టికెట్ తీసుకోండి. మనుషులు సరిపడా వస్తేనే కదుపుతారు, వారం మధ్యలో మధ్యాహ్నం లాంచీలు ఒక్కోసారి రద్దవుతాయి. ముందు కొండ, తర్వాత అనుపు, సాయంత్రం వెలుతురులో వంతెన.

పాతలస్కర్
ఇప్పుడే చూశాను, శ్రీశైలం నుంచి వరద తగ్గుముఖం పట్టింది. బుధవారం దాకా గేట్లు ఉంటాయో లేదో. మీ నాన్నగారిని రేపే తీసుకెళ్లడం కుదురుతుందేమో చూడండి.

మల్లెపందిరి
రేపు మంగళవారం, సెలవు పెట్టేస్తున్నాను!